చెవిలో పువ్వు, కొప్పులో పువ్వు

పూల వాసనతో, ఆడామగా ఇద్దరూ పూసుకోదగ్గ సెంటు ఇప్పుడు యూనిసెక్స్ పేరుతో కొత్త సరుకులా అమ్ముడవుతోంది. అది ఎలాంటి స్వభావం ఉన్నవాళ్లకు నప్పుతుందో కూడా అమ్మేవాళ్లే చెప్పేస్తారు: నెమ్మదస్తులకనీ, నలుగురిలో కలవనివాళ్లకనీ, ఇలా. జంషెడ్‌పూర్ చరిత్ర కాస్త తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేముందో బోధపడదు. పూల వాసనను ఆడవాళ్ల ఖాతాలో వేసింది ఈ నేల ఆచారం కాదు, సీసా వ్యాపారం. సెంటును మనిషి స్వభావంతో ముడిపెట్టిందీ అదే. అంతకుముందు ఎవరు ఎప్పుడు ఏ వాసన వేసుకోవాలో రుతువు చెప్పేది, పండగ చెప్పేది, ఇంటికొచ్చిన అతిథి హోదా చెప్పేది.

టాటా ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లె దగ్గర కార్ఖానా లేచి 1912లో తొలి ఉక్కు పోసింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఇవన్నీ కొలిమి తేదీలు. సంతాలులు, హోలు, ముండాలు, భూమిజులు బతికే సింహభూమ్‌కు వేరే పంచాంగం ఉంది. సాల చెట్టు పూస్తేనే అక్కడ కొత్త ఏడు. సంతాలులకు అది బాహా, ముండాలకు సర్హుల్. బాహా జరిగేదాకా సంతాలు ఆడవాళ్లు ఆ ఏటి కొత్త పూలు తలలో పెట్టుకోరు. జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న కరణ్‌డీ జాహేర్‌థాన్‌లో, అంటే దేవుళ్లుండే చెట్ల తోపులో, నాయకే అనే పూజారి పూజ ముగించి చేటలో సాలపూలతో వస్తాడు. ఆడవాళ్లు ఆయన కాళ్లు కడుగుతారు, ఆయన పూలు పంచుతాడు. మగవాడు చెవి మీద దోపుకుంటాడు, ఆడమనిషి కొప్పులో తురుముకుంటుంది. చూడ్డానికి ఆ పూతలో పెద్ద సొగసేమీ లేదు. పాలిపోయిన పసుపు రంగు, చిన్న చిన్న రేకులు. అది చెవిన పెట్టుకునే మగవాళ్లు డోలు వాయిస్తారు. వాళ్ల మగతనానికి ఏదో తక్కువైందని ఎవరికీ తోచదు. ఇది పూజ గానీ సెంటు కాదు కదా అనవచ్చు. నిజమే. కానీ పూల వాసన మగవాడికి నప్పుతుందా లేదా అన్నదే ప్రశ్న అయితే, ఏటా ఊరంతా చూస్తుండగా దానికి జవాబు దొరుకుతూనే ఉంది. చెవి వేరు, కొప్పు వేరు, పువ్వు మాత్రం ఒకటే.

అసలైన అభ్యంతరం మన ఇంట్లోంచే రావాలి. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం జంషెడ్‌పూర్ వెళ్లిన తెలుగువాళ్లు కద్మాలో, బిష్టుపూర్‌లో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్లదే. వాళ్ల ఆచారంలో తలలో పూలు ఆడవాళ్లకే, అందులోనూ పెళ్లికాని పిల్లకు, ముత్తయిదువకే. భర్త పోయినామెకు మల్లెమొగ్గ కూడా లేదు. అలాంటప్పుడు పూల వాసన అందరిదీ ఎలా అవుతుంది? పూలమాట సరే, మరి వాళ్ల పెళ్లి పందిట్లోనే మగపెళ్లివారి చేతులకు గంధం పూస్తారు, పన్నీరు చిలకరిస్తారు. పన్నీరంటే గులాబీ నీళ్లే. మల్లె అత్తరులో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకుని తిరిగినవాళ్లు మగవాళ్లే. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ ఊళ్లో గులాబీలు వీధి వీధినా అమ్ముతారనీ, జనానికి అవి తిండితో సమానమనీ రాశాడు. చాళుక్య సోమేశ్వరుడి పేర వెలసిన 12వ శతాబ్దపు మానసోల్లాసం సుగంధాలను రాజు అనుభవించాల్సిన భోగాల్లో చేర్చింది. కాబట్టి మనం పంచుకున్నది వాసనను కాదు, దాని రూపాన్ని: పువ్వు ఆడవాళ్లకు, దాని సారం మగవాళ్లకు. ఈ పంపకంలో అన్యాయం ఉంది, సందేహం లేదు. అయితే ఇవాళ్టి సెంటు దుకాణం చేసే పంపకం మాత్రం ఇది కాదు.

అది వేరే దారిన వచ్చింది. 1709లో కొలోన్ నగరంలో ఫరీనా అనే అత్తరు వ్యాపారి అమ్మిన సుగంధ జలాన్ని తర్వాత నెపోలియన్ ఒళ్లంతా గుమ్మరించుకునేవాడు; పంతొమ్మిదో శతాబ్దం గడిచే కొద్దీ యూరప్‌లో పూలు ఆడవాళ్ల వైపు, కట్టె, తోలు, పొగాకు వాసనలు మగవాళ్ల వైపు జరిగాయి. మన దగ్గర ఈ విభజనకు పెట్టుబడి పెట్టినవాళ్లలో జంషెడ్‌పూర్‌ను కట్టిన ఇల్లే ఉంది. దిగుమతి సౌందర్య సాధనాలకు విదేశీ మారకం ధారపోయకూడదని 1952లో టాటాలు ఫ్రెంచి కంపెనీల సాయంతో లాక్మే మొదలుపెట్టారు. ఆ సరుకంతా ఆడవాళ్లకే. 2013లో అదే కుటుంబంలోని టైటాన్ స్కిన్ పేరుతో సెంట్లు తెచ్చింది, మగవాళ్లకు కొన్ని, ఆడవాళ్లకు కొన్ని. ఆ బ్రాండులో మగవాళ్లకని అమ్మిన ఒకదాని పేరు స్టీల్! ఉక్కు మగది, పువ్వు ఆడది అని సీసా మీదే తేలిపోయింది. వెడల్పాటి వీధులూ నీడనిచ్చే చెట్లూ తోటలూ ఉండాలని 1902లోనే కొడుక్కి రాసిన జంషెడ్‌జీ టాటాకి ఈ తేడా తెలిసినట్టు లేదు. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు గులాబీ తోటా ఆ ఉక్కు ఊరి జనం కోసమే. ఇక్కడ సీసాకు దక్కాల్సిన మర్యాద మాత్రం దక్కాలి. భర్త పోయినామెకు జడలో దొరకని మల్లెను అది ఇచ్చింది, ఎవరి అనుమతీ అడగకుండా. స్వభావాన్ని బట్టి ఎంచుకోమనడంలో ఆ మేరకు విడుదల ఉంది. అయితే ఆ స్వభావాన్ని కూడా వాళ్లే రాసిస్తే అది ఎంపిక ఎలా అవుతుంది?

తీపి పూల వాసన పుట్టుకతోనే ఆడది అనేవాళ్లు చివరికి మిగులుతారు. వాళ్లు శ్రీకాకుళం నుంచి టాటానగర్ వెళ్లే రైలు దాటే గంజాం తీరాన్ని చూడాలి. దేశంలో కేవడా అత్తరు చాలావరకు అక్కడిదే. కేవడా అంటే మన మొగలి. మొగలిలో ఆడచెట్టు, మగచెట్టు వేరు. ఘుమఘుమలాడేది మగచెట్టు పొత్తే. ఆడచెట్టు కాయలు కాస్తుంది, అత్తరుకు పనికిరాదు. పొద్దున్నే కోసిన పొత్తులను డేగ్ అనే రాగి బానలో నీళ్లతో మరిగించి, మూత చుట్టూ మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆ ఆవిరిని చందన తైలం పోసిన భప్కా అనే పాత్రలోకి దింపుతారు. ఆ మగపువ్వు రేకులనే మన ఆడపిల్లలు జడలో పెట్టుకున్నారు. దాని అత్తరును మగవాళ్లు చెవి దూదికి అద్దుకున్నారు, జర్దాలోనూ వేసుకున్నారు.