కథకుల ఆచూకీ: కథానిలయం నుంచి ఫేస్‌బుక్ వరకు

కథాచరిత్రలో రచయితను గుర్తించడమంటే ముందుగా ఆ రచయిత కథ ఎక్కడ, ఎప్పుడు వెలువడిందో తేల్చడమే. విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు (1924–2021) ఈ అన్వేషణకు సంస్థారూపమిచ్చారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పి పత్రికలను, సంపుటాలను సేకరించారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట లభించాలన్నది ఆయన సంకల్పం. పేరున్నవారితో పాటు ఒకటి రెండు కథలతో ఆగిపోయినవారి జాడ కూడా దొరకడానికి ఇదే ఆధారం.

ఫేస్‌బుక్‌లోని కథాసమూహాలలో కొత్త కథకులు సంపాదకుని ఆమోదం కోసం ఎదురుచూడకుండానే పాఠకులను చేరుతున్నారు. అయితే అక్కడి కథను రచయిత ఎప్పుడైనా సవరించవచ్చు, తొలగించవచ్చు. (పాఠాంతరాల సమస్య తాళపత్రాలతోనే తీరిపోలేదన్నమాట!) తొలిపాఠాన్ని తేదీతో, పాఠకుల వ్యాఖ్యలతో సహా భద్రపరచకపోతే, రేపటి కథాసూచికలో ఈ రచయితల సాహిత్యజీవితం వారి మొదటి అచ్చు పుస్తకంతోనే మొదలైనట్లు నమోదవుతుంది.