ఎనిమిది కాళ్ల చిప్పు

2017 జూలైలో సూరత్ రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల షట్టర్లు రెండు వారాలు దాటినా లేవలేదు. ఆ నెల ఒకటో తేదీ నుంచి బట్ట మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. వ్యాపారుల కోపం పన్ను మీద ఎంత ఉందో, దాంతో పాటు వచ్చిన లెక్కల తంతు మీదా అంతే ఉంది. రిటర్నులన్నీ ఆన్‌లైన్లోనే దాఖలు చేయాలి. ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకంలో తరాలుగా రాసుకున్న లెక్క ఒక్కసారిగా తెర మీదికి ఎక్కాల్సి వచ్చింది. సమ్మె ముగిసింది, షట్టర్లు లేచాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు కూడా తప్పనిసరైంది. విజయవాడ వస్త్రలతకో, హైదరాబాద్ మదీనాకో వెళ్లాల్సిన చీరల పార్సిల్ కదలాలంటే ముందు దుకాణంలో కంప్యూటర్ తెరుచుకోవాలి.

దిల్లీ గేట్, సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేట్. పాత నగరం ద్వారాల పేర్లే ఇప్పుడు రింగ్ రోడ్డు కూడళ్ల పేర్లు. వాటి మధ్య అంతస్తుల మీద అంతస్తులుగా గదుల్లాంటి దుకాణాలు, ప్రతి దుకాణంలో గద్దె పక్కన ఒక కంప్యూటర్. దీపావళికి కొత్త ఖాతా పుస్తకాలకు చేసే చోప్డా పూజన్‌లో లాప్‌టాప్‌కీ కుంకుమబొట్టు పెట్టే దుకాణాలున్నాయి. ఆ కంప్యూటర్ ఒక ఉదయం అప్‌డేట్ చేసుకుంటూ మధ్యలో ఆగిపోతే? ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. చచ్చిపోయిందని యజమాని అనుకుంటాడు. చాలాసార్లు అది బతికే ఉంటుంది. పోయింది ఒక చిన్న చిప్పులోని రాత మాత్రమే.

ఆ రాతను ఫర్మ్‌వేర్ అంటారు, కంప్యూటర్ల విషయంలో పాత పేరు బయాస్. కరెంటు అందగానే ప్రాసెసర్ చదివే మొట్టమొదటి ఆదేశాలు అందులోనే ఉంటాయి. మెమరీ ఎక్కడుంది, డిస్క్ ఎక్కడుంది, విండోస్‌ను ఎలా పిలవాలి అన్నీ అదే చెప్పాలి. అది చెడితే డిస్క్‌లో బిల్లులన్నీ భద్రంగా ఉన్నా వాటిదాకా దారి ఉండదు.

ఈ సంగతి సూరత్‌లోని తెలుగువాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. లింబాయత్, ఉధనా వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు చాలామంది. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. జకార్డు మగ్గం ఎరిగిన ఇంట్లో చిల్లుల అట్టల దండ అంటే ఏమిటో పిల్లలకీ తెలుసు. లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో పేటెంట్ పొందిన పద్ధతి అది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్ట చిరిగితే గ్రాఫు కాగితం చూసి మరొకటి కొట్టి, దండలో అదే వరసలో కుట్టేస్తారు. గ్రాఫు ఉన్నంతకాలం డిజైన్ పోదు. బయాస్ కూడా అట్టల దండే, కాకపోతే కంటికి కనిపించదు. గ్రాఫు ఎవరి దగ్గర ఉందన్నదే ఈ రిపేరు పని చరిత్ర అంతా.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు బయాస్‌ను మార్చే వీలే లేదు. అది రామ్‌లో కాదు, రోమ్‌లో ఉండేది. మార్చాలంటే చిప్పునే పీకి కొత్తది పెట్టాలి. తర్వాతి బోర్డుల మీద నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉన్న ఈప్రోమ్ చిప్పులు కనిపించేవి. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో రూపొందించిన రకమిది. కిటికీ గుండా అతినీలలోహిత కాంతి పడితే రాత చెరిగిపోతుంది, అందుకే దాని మీద స్టిక్కర్ అంటించేవారు. ఆ రోజుల్లో అప్‌డేట్ పాడవడం అనే మాటే లేదు, ఎందుకంటే అప్‌డేటే లేదు.

తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ బోర్డుల మీదికి ఎక్కాక కథ మారింది. 1990లలో ఒక ఫ్లాపీ, ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటే యజమానే బయాస్ మార్చుకోగలిగాడు. ఆ వీలుతో పాటే ప్రమాదమూ వచ్చింది. రాస్తుండగా కరెంటు పోయినా, వేరే మోడల్ ఫైలు ఎక్కించినా అంతే. తయారీదారులు దీనికి ఒక ఉపాయం చేశారు. చిప్పులో బూట్ బ్లాక్ అనే చిన్న భాగాన్ని మామూలు అప్‌డేట్‌లు ముట్టుకోకుండా వదిలారు. మిగతాదంతా పోయినా అది ఫ్లాపీ చదవగలదు. ఏఎమ్ఐ బయాస్‌లో కంట్రోల్, హోమ్ మీటలు కలిపి నొక్కితే ఫ్లాపీలోంచి ఫైలు లాక్కునేది. అవార్డ్ బయాస్‌లోని బూట్ బ్లాక్‌కి పాత ఐఎస్ఏ వీడియో కార్డు తప్ప మరొకటి తెలియదు. అందుకే కాలం చెల్లిన ఐఎస్ఏ కార్డును కూడా రిపేరువాళ్లు పారేయలేదు.

1999 ఏప్రిల్ 26 సోమవారం. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ అంతకు ముందు ఏడాది రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు నిద్రలేచింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కావడంతో దానికి చెర్నోబిల్ అనే పేరు పడింది. అది డిస్క్ మొదటి భాగాన్ని చెరిపి, ఆపైన బయాస్ మీద చెత్త రాసేది. ఇంటెల్ 430టీఎక్స్ రకం బోర్డులు దానికి బాగా చిక్కాయి. కొరియా, టర్కీలతో పాటు మన దేశంలోనూ దెబ్బ గట్టిగానే తగిలింది. ఫర్మ్‌వేర్‌ను చంపవచ్చని లోకానికంతటికీ తెలిసిన రోజది.

అప్పుడు రిపేరు బల్లల మీద నిలబడ్డ విద్య గుండెధైర్యంతో కూడుకున్నది. అదే మోడల్ మంచి బోర్డును ఆన్ చేసి, డాస్‌లోకి వచ్చాక, కరెంటు నడుస్తుండగానే సాకెట్‌లోంచి మంచి చిప్పును మెల్లగా పీకేవారు. అప్పటికే బయాస్ నకలు రామ్‌లో ఉంటుంది కనుక బోర్డు ఆగదు. ఖాళీ సాకెట్‌లో చచ్చిన చిప్పును పెట్టి రాసేవారు. ఒక్క కాలు పక్కకి తగిలితే రెండు బోర్డులూ పోయినట్టే. దీన్నే హాట్ ఫ్లాష్ అన్నారు. ఆ రోజుల్లోనే గిగాబైట్ కంపెనీ ఒకే బోర్డు మీద రెండు బయాస్ చిప్పులు పెట్టింది, ఒకటి చెడితే రెండోది లేస్తుంది. ఇంత తేలికైన పరిష్కారాన్ని మిగతావాళ్లు ఏళ్ల తరబడి అందుకోకపోవడం అన్యాయమే. ఆదా అయిన రూపాయలు కంపెనీవి, ఆగిపోయిన రోజు వినియోగదారుడిది.

2000ల రెండో సగంలో 32 కాళ్ల చిప్పుల జాగాలోకి ఎనిమిది కాళ్ల ఎస్పీఐ చిప్పు వచ్చింది. లాప్‌టాప్‌లలో సాకెట్ కూడా పోయి, నేరుగా బోర్డుకే టంకం వేశారు. పీకే దారి మూసుకుపోయింది. అప్పుడు వచ్చినదే బట్టల క్లిప్పులా కరిచే సన్నని క్లిప్పు, దానికి తగిలించే, చిప్పులో రాతను చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ అనే పరికరం.

ఆ పనిని దగ్గరగా చూడాలి. ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తారు. అర సెంటీమీటరు చిప్పు మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. క్లిప్పు తీగల్లో ఎర్రది అక్కడికే రావాలి. చిప్పు మీద పేరు చదవాలి. 25క్యూ64 అంటే 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. కొన్ని చిప్పులకి 3.3 వోల్టులు, కొన్నిటికి 1.8 వోల్టులే, చూడకుండా తగిలిస్తే చిప్పు కాలిపోతుంది. మంచి పనితనం ఉన్నవాడు వెంటనే రాయడు. ఉన్న రాతను, అది చెడిపోయిందని తెలిసినా, రెండుసార్లు చదివి రెండూ ఒకటేనా అని పోలుస్తాడు. ఎందుకంటే ఆ లాప్‌టాప్ సీరియల్ నంబరు, విండోస్ కీ చాలాసార్లు అందులోనే ఉంటాయి. ఎవరిదో ఫైలు ఎక్కించేస్తే యంత్రం లేస్తుంది గానీ మరొకరి పేరుతో లేస్తుంది. కంపెనీ ఫైలులో పాత నంబర్లు కలిపి, చెరిపి, రాసి, సరిచూసుకుంటాడు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నిమిషం పైగా నల్లగానే ఉండొచ్చు, అప్పుడు ఓపిక పట్టాలి. ఆ తర్వాత డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగవచ్చు. అది రాసిపెట్టుకోని యజమాని బిల్లులన్నీ గుమ్మం ముందే ఆగిపోతాయి.

ఇప్పుడు అప్‌డేట్‌ను యజమాని అడగనే అక్కర్లేదు, విండోస్ అప్‌డేట్‌తో పాటే దిగుతుంది. 2024లో అలా దిగిన ఒక బయాస్ తర్వాత తమ యంత్రాలు లేవడం లేదని హెచ్‌పీ ప్రోబుక్ 455 జీ7 వాడకందార్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. తన ప్రమేయం లేకుండా వచ్చిన మార్పుకి రిపేరు ఖర్చు వ్యాపారి జేబులోంచి పోవడం ఏ లెక్కన చూసినా సరికాదు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018 మేలో ఫర్మ్‌వేర్ కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. చెడిన రాతను యంత్రమే గుర్తుపట్టాలని, తనకు తానే కోలుకోవాలని అందులో ఉంది. హెచ్‌పీలో విండోస్, బి మీటలు, డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే చాలా మోడళ్లు పెన్‌డ్రైవ్‌లోంచో డిస్క్‌లోంచో నకలు తెచ్చుకుంటాయి. అసూస్ బోర్డుల్లో కొన్నిటికి వెనక ఒక బటన్ ఉంది, ప్రాసెసర్ లేకపోయినా బయాస్ రాసేస్తుంది. ఇలాంటి దారి లేని చవక లాప్‌టాప్ దుకాణం కౌంటర్ మీద ఉంటే, ఎంచుకోవాల్సిన అప్‌డేట్ వేళ రాత్రి బిల్లింగ్ అయ్యాక, బ్యాటరీ నిండుగా ఉండి ఛార్జర్ కూడా పెట్టి ఉన్నప్పుడు. డేటా నకలు బయటి డిస్క్‌లో, బిట్‌లాకర్ కీ కాగితం మీద ముందే ఉండాలి. అప్పటికీ తెర నల్లబడితే వెళ్లాల్సింది క్లిప్పు పట్టుకోవడం వచ్చినవాడి దగ్గరికి, కొత్త బోర్డు అమ్మేవాడి దగ్గరికి కాదు.