విదేశంలో శీతాకాలం: పెద్దల ప్రయాణానికి ఖర్చుల లెక్క

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడిన పిమ్మట బతుకుతెరువు కోసం పలు కుటుంబాల పిల్లలు బెంగళూరుకు చేరారు. వారిలో కొందరు అక్కడి నుండి అమెరికాకు వెళ్లారు. పిల్లల వద్ద శీతాకాలం గడపదలచిన తల్లిదండ్రులు ఖర్చును మూడు భాగాలుగా లెక్కించుకోవడం మేలు.

మొదటిది, ప్రయాణానికి ముందటి ఖర్చు. సందర్శక వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్ నుండి తలకు 185 డాలర్లు. భవిష్య నిధి పింఛను కనీస మొత్తం 2014 నుండి నెలకు 1,000 రూపాయలు. అనగా ఒక్కరి రుసుమే పదిహేను నెలల కనీస పింఛనును మించుతుంది. వీసా నిరాకరించినా ఈ సొమ్ము తిరిగి రాదు.

రెండవది, అక్కడి ఖర్చు. భోజనం, వసతి పిల్లల ఇంట దొరికినా వైద్యం అలా దొరకదు. ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే వేల డాలర్లు కావచ్చు. బీమా కొనే ముందు మధుమేహం, రక్తపోటు వంటి పాత జబ్బులకు అది ఎంతవరకు చెల్లిస్తుందో చదవాలి. మోటారు ఇంటిబండిలో వెచ్చని దక్షిణ రాష్ట్రాలు తిరగదలిస్తే అద్దె, ఇంధనం, రాత్రి బస రుసుము వేరుగా లెక్కించాలి.

మూడవది, ఇక్కడి ఇంటి ఖర్చు. పశువుల మేత, మామిడితోట కాపలా, అప్పు వాయిదాలు ఆగవు. భవిష్య నిధి పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం ఇచ్చిన నాటి నుండి ఏడాది చెల్లుతుంది. గడువు దాటితే పింఛను నిలిచిపోతుంది. కనుక బయలుదేరే ముందే దానిని సమర్పించాలి.

ఎవరు ఎంత భరించాలో టిక్కెట్టు కొనక ముందే పిల్లలతో మాట్లాడుకోవాలి. ఎక్కడ పొదుపు చేసినా బీమాలో చేయరాదు. అక్కడ మిగిల్చిన కొద్ది సొమ్ము ఇక్కడి పొలాన్ని అమ్మించవచ్చు.