పైసలున్న జాడ ఎవరు చెప్పాలె? దళిత పరిశోధనకు అందిన, అందని సాయం

నార్సింగిలో నేను అద్దెకుండే గది కిటికీ తెరిస్తే కోకాపేట టవర్లు కనబడుతయి. 2023 ఆగస్టు 3న ఆ కోకాపేట నియోపోలిస్ లేఅవుట్లో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షల లెక్కన వేలంలో పోయింది. పక్క ఊరి భూమి అంత పలికిందని తెల్లారి చాయ్ హోటళ్లలో అదే ముచ్చట. మా బావ ఇక్కడే ఒక అపార్టుమెంటులో సెక్యూరిటీ పని చేస్తడు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, చాయ్ తాగుకుంట అడిగిండు: "నీకు నెలకెంత ఇస్తరు బామ్మర్దీ?"

"37,000 బావా. కాకపోతే ఆరు నెలల నుంచి రాలే."

"అంటే ఏమిస్తలేరన్నట్టే గదా" అన్నడు.

నవ్వుకుంటనే అన్నడు. ఆ నెల నా గది కిరాయి కట్టింది మాత్రం ఆయనే. ఈ వ్యాసం ఆ మాట దగ్గరే మొదలయింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. షెడ్యూల్డ్ కులాల పరిశోధకులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్పులు ఏడాదికి 2,000. నెలకు 37,000 చొప్పున ఒక్కొక్కరికి సంవత్సరానికి 4 లక్షల 44 వేలు. ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే 2,000 మందికి కలిపి ఏడాదికి 88 కోట్ల 80 లక్షలు. అంటే దేశం మొత్తం మీద ఒక ఏడు ఎంపికయ్యే దళిత పరిశోధకులందరి ఏడాది బత్తెం కోకాపేటలో ఒక్క ఎకరం ధరకు తక్కువే. మరి దేశంలో పైసలు లేవని ఎవరన్నా అంటే మనం ఎట్ల నమ్మాలె? పైసలున్నయి. అవి ఎక్కడున్నయో ఎవరికి తెలుస్తది, ఎవరి సంతకంతో కదుల్తయి, ఏ నెలలో చేతికొస్తయి? దళిత విద్య చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో చదవాల్సిన అవసరం ఉన్నది.

రాజుల దయ

హైదరాబాదులో పై చదువుల సాయం చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా సరోజినీ నాయుడు పేరుతో మొదలుపెడతరు. 1895లో, పదహారేళ్ల వయసులో, ఆమె ఆరో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లాండుకు వెళ్లింది. ఆమె ప్రతిభను ఎవరూ కాదనరు. కాని ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్. దర్బారు తలుపు ఎటు తెరుచుకుంటదో ఆ ఇంటికి తెలుసు. ప్రతిభకు తోడు ఆ తెలివిడి కూడా ఒక ఆస్తి. దాన్ని ఏ చరిత్రకారుడూ ఆస్తిగా లెక్క కట్టలేదు.

అదే నగరంలో అంటరాని కులాల పిల్లలకు అప్పటికి అక్షరాలు దిద్దే చోటే కరువు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, తర్వాత భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు తెరిచిండు. తర్వాత ఆ బడుల సంఖ్య రెండు పదులు దాటింది. వాటికి తొలి నిధి మన వాడల చందాలు, కొందరు మంచివాళ్ల సాయం. ఒక వైపు ఖజానా నుంచి లండన్‌కు స్కాలర్‌షిప్, మరో వైపు జోలె పట్టి నడిపే బడి. హైదరాబాదు ఆధునిక విద్యకు ఈ రెండు మొదళ్లు ఉన్నయి. మన పాఠ్యపుస్తకాల్లో మొదటిదే కనబడతది.

అంబేద్కర్ కథ కూడా రాజు దయతోనే మొదలయింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చిండు. తిరిగొచ్చి పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలన్నది షరతు. కొలంబియా చదువు అయి లండన్‌లో పరిశోధన మధ్యలో ఉండగా 1917లో గడువు తీరింది. చదువు ఆపి రావలసి వచ్చింది. షరతు ప్రకారం బరోడాకు పోతే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రం నుంచి కూడా వెళ్లగొట్టిన్రు. స్కాలర్‌షిప్ ఇచ్చిన రాజ్యమే ఆయనకు ఒక గది చూపించలేకపోయింది. మళ్లీ 1920లో సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో దాచుకున్న పైసలు, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం కలిపి లండన్ పోయి డి.ఎస్‌సి. పూర్తి చేసిండు.

దీంట్ల మనం పట్టుకోవలసింది ఒకటి ఉన్నది. అంత మేధావికి కూడా పరిశోధన ఆగింది తెలివి చాలక కాదు, నెలసరి పైసలు ఆగినందుకు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు.

దయ నుంచి హక్కు దాకా

1942లో వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడైనంక అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చిండు. అందులో చదువు, ముఖ్యంగా పై చదువులు, పెద్ద అంశం. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి సర్కారు ఇస్తున్న గ్రాంట్లతో పోల్చి మా వాటా ఎక్కడ అని నిలదీసిండు. ఫలితంగా ఏడాదికి 3 లక్షల రూపాయలు మంజూరైనయి. 1944లో మొదలైన మెట్రిక్ అనంతర స్కాలర్‌షిప్పుకు మూలం ఇక్కడున్నది. ఇయ్యాల ఇంటర్ నుంచి పిజి దాకా మన పిల్లలు చదువుతున్న స్కాలర్‌షిప్ ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు, లెక్కలు ముందర పెట్టి అడిగి తెచ్చుకున్నది.

స్వాతంత్య్రం తర్వాత 1954-55లో విదేశీ చదువుల కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వచ్చింది. రాజు దయ పోయి, బడ్జెట్ పద్దు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. దయను అడుక్కోవాలి. పద్దును మాత్రం అడగొచ్చు, లెక్క చెప్పమనొచ్చు.

గేటు దాటినంక

మా నార్సింగికి దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఏర్పడింది. యుజిసి 1984 నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పుకు జాతీయ పరీక్ష పెట్టింది. సీట్లలో రిజర్వేషన్ ఉన్నది కాబట్టి మన వాళ్లు గేటు దాటిన్రు. కాని సీటు వేరు, అయిదేళ్లు నిలబడటం వేరు. సీటు రాజ్యాంగం ఇచ్చింది, మెస్ బిల్లు ఎవరిస్తరు? 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత వచ్చిన తరం ఈ ప్రశ్నను క్యాంపస్‌లోకి తెచ్చింది. 1993లో హైదరాబాద్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. అప్పటి సీనియర్లు కొత్తగా వచ్చినోళ్లకు మొదట నేర్పింది సిద్ధాంతం కాదు. ఏ ఫారం ఎక్కడ దొరుకుతది, ఏ సెక్షన్‌లో ఎవరి టేబుల్ మీద ఆగుతది, అది నేర్పిన్రు.

2005-06లో వచ్చిన రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ ఈ చరిత్రలో ఒక మలుపు. ఎస్.సి.లకు 1,333, ఎస్.టి.లకు 667. 2010-11 నుంచి ఎస్.సి.ల సంఖ్య 2,000 అయింది. నెట్ పాస్ కాకున్నా, పిజి మార్కుల మీద ఎంపిక చేసేది. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు ప్రశ్నపత్రం దగ్గర తడబడ్డ వందల మంది ఈ ఫెలోషిప్‌తోనే డాక్టరేట్లు అయిన్రు. కూలి పనికి పోయే ఇంటి నుంచి వచ్చిన పిల్లగాడు నెలనెలా ఇంటికి పైసలు పంపుకుంట థీసిస్ రాయగలిగిండు. ఇంటికి పంపిన ఆ పైసలను ఏ నివేదికా లెక్కలోకి తీసుకోదు. చెల్లె పెండ్లి, నాన్న ఆపరేషన్, గుడిసె మీది రేకులు, అన్నీ అందులోనే.

తర్వాత పేరు మారింది, నిబంధన కూడా మారింది. ఇప్పుడు నెట్ స్కోరే ఆధారం. పైసలిచ్చే బాధ్యత కూడా యుజిసి నుంచి షెడ్యూల్డ్ కులాల జాతీయ ఆర్థిక అభివృద్ధి సంస్థకు పోయింది. పరీక్ష పెడితే నాణ్యత పెరుగుతదని వాదించేవాళ్లున్నరు. ఆ పరీక్షకు కోచింగ్ ఎవరికి దొరుకుతదో కూడా వాళ్లే చెప్పాలె.

ఆగిన నెలలు

2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ యూనివర్సిటీలో సేలం నుంచి వచ్చిన భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయిండు. అతనికి గైడు కుదరకపోవడం, ఫెలోషిప్ ఆగిపోవడం అప్పుడు చర్చకు వచ్చినయి. 2015 అక్టోబరులో నెట్ లేనివాళ్లకిచ్చే నెలకు 5,000, 8,000 రూపాయల ఫెలోషిప్ ఎత్తేయాలని యుజిసి నిర్ణయించింది. ఢిల్లీలో విద్యార్థులు యుజిసి ఆఫీసు ముందు బైఠాయించి, లాఠీలు తిని ఆ నిర్ణయాన్ని ఆపిన్రు.

2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని విడిచిపోయిండు. వెలివేత గురించి చాలా రాసిన్రు, రాయాలె కూడా. నేను ఆయన చివరి ఉత్తరంలో ఉన్న ఒక లెక్క దగ్గర ఆగిపోత. ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు, రావలసి ఉన్నదని, అది ఇంటోళ్లకు అందేటట్టు చూడమని రాసిండు. అప్పటి జె.ఆర్.ఎఫ్. నెలకు 25,000. ఏడు నెలలతో గుణిస్తే సరిగ్గా అంతే. ఒక మిత్రునికి ఇవ్వాల్సిన బాకీ కూడా గుర్తు పెట్టుకున్నడు. పరిశోధకుని ఉత్తరం అది. లెక్క తప్పలేదు. తప్పింది లెక్క చెప్పవలసిన వ్యవస్థ.

ఆ తర్వాత కూడా ఈ ధోరణి ఆగలేదు. మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు 2022 డిసెంబరులో ప్రకటించిన్రు. అదే ఏడాది ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు చోటు లేదన్నరు. ఇది జరిగిన తీరును గమనించాలె. 1916 మే నెలలో కొలంబియాలో ఇరవై అయిదేళ్ల అంబేద్కర్ భారతదేశంలో కులాల పుట్టుక గురించి పత్రం చదివిండు. ఈ నిబంధన కింద అదే అంశంతో ఒక మాల పిల్లగాడో మాదిగ పిల్లనో ఇయ్యాల కొలంబియా పోతనంటే అర్హత లేదు. రాజు పంపిన స్కాలర్‌షిప్ అడ్డు పెట్టలేదు, ప్రజాస్వామ్యం పెట్టింది. మన చరిత్రను మనం పరాయి గడ్డ మీద నిలబడి చూడొద్దన్నట్టు.

2025లో అదే పథకంలో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చి, మిగిలినోళ్లకు నిధులుంటే ఇస్తమన్నరు. విదేశీ యూనివర్సిటీ చేరిక తేదీ నిధుల కోసం ఆగదు. ఆలస్యమంటే ఇక్కడ నిరాకరణే.

జాడ చెప్పడం

నా సంగతి కూడా కొంత చెప్పాలె. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనే. పిహెచ్.డి.లో చేరినంక ఒక చరిత్ర పరిశోధనా ఫెలోషిప్ ఉన్నదని తెలిసేసరికి ఆఖరి తేదీ పోయి వారమైంది. నాతో చేరిన ఒకాయనకు రెండు నెలల ముందే తెలుసు. వాళ్ల మేనమామ ప్రొఫెసర్. అతను నా దగ్గర దాచలేదు. నేను అడగాలని నాకు తెల్వదు, చెప్పాలని అతనికి తోచలేదు. కులం అన్నిసార్లూ తిట్టి తరమదు. ఒక్కోసారి భోజనాల దగ్గర మాట్లాడుకునే మాటల్లో ఉంటది. ఆ భోజనాల దగ్గర మనం లేం.

ఇప్పుడు నా ఫెలోషిప్ ఆగిందెందుకో తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పరిశోధకుడు ఆ నెల పనిలో ఉన్నడని ప్రతి నెలా యూనివర్సిటీ ధృవీకరించాలె. ఒకరు నమోదు చేయాలె, ఇంకొకరు ఆమోదించాలె. మా ఆఫీసులో ఆమోదించే ఆయన బదిలీ అయిండు, కొత్తాయనకు లాగిన్ రాలేదు. ఢిల్లీలో పైసలున్నయి, నా అర్హత ఉన్నది, మధ్యలో ఒక్క బొత్తం నొక్కేటోడు లేడు. ఎవరూ కుట్ర చేయలేదు. కాని ఇంటి నుంచి పైసలు తెప్పించుకోగల పరిశోధకునికి అది చికాకు, నాకు మాత్రం గది ఖాళీ చేసే పరిస్థితి.

కాబట్టి మనం చేయవలసిన పని రెండు తీర్లది. మొదటిది అడగడం. నెలసరి ఫెలోషిప్ ఆగితే కారణం రాతపూర్వకంగా ఇంత గడువులో చెప్పాలని యూనివర్సిటీలను ఒప్పించాలె. ఎంపికైన, మధ్యలో మానేసిన వాళ్ల లెక్కలు ఏటా బయటపెట్టమనాలె. అందులో ఆడవాళ్లెందరో, ఉపకులాల వారీగా ఎవరెందరో కూడా చూడాలె. 2024 ఆగస్టు 1 నాటి వర్గీకరణ తీర్పు తర్వాత ఆ లెక్క అడగడానికి మనలో మనకే జంకు ఉండొద్దు. వాటా అని లోకాన్ని అడిగేవాళ్లం ఇంట్ల వాటా గురించి మాట్లాడకుంటే ఎట్ల?

రెండోది చెప్పుకోవడం. పోయినేడాది నుంచి మేం ఆరుగురం కలిసి ఒక నోట్‌బుక్ రాస్తున్నం. ఏ ఫెలోషిప్, ఏ నెలలో ప్రకటన వస్తది, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎన్ని రోజుల ముందు తీసి పెట్టుకోవాలె, ప్రతిపాదన ఎన్ని పేజీలు, ఏ టేబుల్ దగ్గర ఆగుతది, ఎవరికి అర్జీ పెట్టాలె, అన్నీ. పాస్ అయినోళ్ల ప్రతిపాదనలతో పాటు ఫెయిలయినోళ్లవి కూడా దాంట్ల పెట్టినం. భాగ్యరెడ్డి వర్మ బడి చందాలతో నిలబడ్డట్టే ఇది కూడా ఒక చందా. పైసల చందా కాదు, జాడ చందా.

మొన్న మా బావ కొడుకు ఇంటర్ పాసయిండు. స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే మా బావ పక్కన కూసొని అడిగిండు, "దీని తర్వాతది ఏముంటది, అది కూడా ఇప్పుడే చెప్పు" అని. నోట్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి చదివి వినిపించిన. ఆయన డ్యూటీకి ఆలస్యంగా పోయిండు.