వర్షన్ కంట్రోల్ వలస: సరిచూసే పద్ధతి

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ ఒక వర్షన్ కంట్రోల్ వ్యవస్థ నుంచి మరోదానికి తరలించాక, ఏదీ పోలేదనీ మారలేదనీ నిర్ధారించుకునే పని ఇది. మైక్రోసాఫ్ట్, విండోస్ కోడ్‌ను సోర్స్ డిపో అనే పాత వ్యవస్థ నుంచి గిట్‌కు మార్చిన వైనాన్ని 2017లో వెల్లడించింది. 40కి పైగా డిపోల్లో ఉన్న సుమారు 35 లక్షల ఫైళ్లు దాదాపు 300 గిగాబైట్ల ఒకే రిపాజిటరీ అయ్యాయి.

ఇలాంటి వలసను సరిచూడటంలో, పాత, కొత్త చోట్ల ఒకే రివిజన్‌ను బయటికి తీసి ఫైలు ఫైలుకూ చెక్‌సమ్ పోల్చడం మొదటి మెట్టు. తాజా రివిజన్ ఒక్కటీ కలిస్తే చాలదు, ప్రతి ట్యాగునూ చూడాలి. సబ్‌వర్షన్‌లో ట్యాగు కూడా డైరెక్టరీయే, విడుదలయ్యాక ఎవరైనా అందులో కమిట్ చేసి ఉండవచ్చు. కనబడే తేడాలన్నీ తప్పులూ కావు: గిట్ ఖాళీ డైరెక్టరీలను నమోదు చేయదు, లైను చివరి గుర్తులు మారినా చెక్‌సమ్ కలవదు. అసలు ప్రమాదం రచయితల పట్టికలో ఉంది. పాత యూజర్ ఐడీ పక్కన పేరు తప్పు పడితే ఒకరి పని మరొకరి ఖాతాకు పోతుంది; ఏ చెక్‌సమ్ పోలికా దాన్ని పట్టదు. గిట్ ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ ఆదేశం చెప్పేది కొత్త రిపాజిటరీ చెడిపోలేదని మాత్రమే, పాతదానితో సరిపోలిందని కాదు.

ఇలాంటి వలసకు మరో ఉదాహరణ: జీసీసీ కంపైలర్ ప్రాజెక్టు రిపోసర్జన్ అనే సాధనం సాయంతో 2020 జనవరిలో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారింది.