నది కుడి చేతి వైపు

ధడేల్!

నువ్వు మంచం మీద లేవు. నేల మీద ఉన్నావు. బోర్లా పడి, ఒక చెయ్యి తల మీద పెట్టుకుని, గోడ వారకి పాకుతున్నావు. కళ్ళు ఇంకా తెరుచుకోలేదు. ఒళ్ళు మాత్రం ఎప్పుడో మేలుకుంది. రెండో చెయ్యి మంచం కింద రైఫిల్ కోసం తడుముతోంది. దొరికింది చీపురు.

"ఏవండీ, యార్డే. షంటింగే," అంటోంది నీ భార్య. లైటు వెయ్యలేదు. వేస్తే నువ్వు అరుస్తావని ఆమెకి తెలుసు.

భిలాయి-3లో రాత్రంటే ఇదే. చరోదా యార్డులో ఇంజను వెనక్కి నెట్టగానే ఒక వ్యాగను ఇంకో వ్యాగనుకి తగులుతుంది, అది మరోదానికి. ఆ చప్పుడు బండి చివరిదాకా పరుగెత్తుతుంది. 1959లో స్టీలు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినప్పటి నుంచీ ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు ఇలా కదులుతూనే ఉన్నాయి. మీ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ యార్డులోనే పాయింట్స్‌మన్‌గా చేశాడు. చిన్నప్పుడు ఈ చప్పుడు వినపడకపోతే నీకు నిద్ర పట్టేది కాదు. పదిహేడేళ్ళు ఆర్మీలో ఉండి పెన్షన్ మీద వచ్చాక అదే చప్పుడు నిన్ను మంచం మీంచి కింద పడేస్తోంది.

గుమ్మంలో నీ కూతురు నిలబడి చూస్తోంది. ఏడవడం లేదు. అలవాటైపోయింది. అదే నీకు ఎక్కువ బాధ.

తెల్లారాక సుబేదార్ సాబ్ వస్తాడు. మీ పటాలం మనిషే, నీకన్నా చాలా ముందే పెన్షన్ మీద వచ్చాడు, చరోదాలోనే ఇల్లు. టీ గ్లాసు ముందు పెట్టుకుని సూటిగా అడుగుతాడు.

"తమ్ముడూ, నిన్ను సిపాయిని చెయ్యడానికి ఎన్నాళ్ళు నడిపించారు?"

"ఎనిమిది నెలల పైనే సాబ్."

"మరి బయటికొచ్చేటప్పుడు ఎన్నాళ్ళు నడిపించారు?"

నీ దగ్గర జవాబు లేదు. ఒక సంతకం. ఒక రాత్రి రైలు. పొద్దున్నకల్లా ఇంట్లో ఉన్నావు.

"ఆ బాకీ నడక ఇప్పుడు నడుద్దాం. అమరకంటక్ నుంచి నర్మద వెంట. వానలు పడే దాకా. వస్తావా, రావా?"

నువ్వు నోరు విప్పేలోపే వంటింట్లోంచి భార్య అంటుంది: "వెళ్ళండి. ఇంట్లో ఉన్నా డ్యూటీలోనే ఉంటున్నారు."

సంచి సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టదు. రెండు జతల బట్టలు, దుప్పటి, స్టీలు గిన్నె, టార్చి. మాత్రల పట్టీ పై జేబులో. డైరీ తెరిస్తే మొదటి పేజీలో భార్య పెద్ద అంకెలు వేసి ఉంది: 14416. టెలి మానస్. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య లైను. ఖర్చు లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. "నడుస్తున్నాను కదా అని మాత్రలు మానకండి," అంటుంది. నువ్వు తలూపుతావు.

భిలాయి-3 స్టేషన్లో లోకల్ ఎక్కారు. బిలాస్‌పూర్‌లో దిగి కట్నీ వైపు బండి. కిటికీ సీటు ఖాళీగా ఉంది. నువ్వు కూర్చోవు. వీపు గోడకి ఆనే సీటు వెతుక్కుంటావు, తలుపు కనపడేట్టు. భన్వర్ టోంక్ దగ్గర రైలు సొరంగంలోకి దూరుతుంది. చీకటి. నాలుగు వైపుల నుంచీ ఇనుప మోత. పళ్ళు బిగుసుకుంటాయి. సాబ్ నీ మోకాలి మీద చెయ్యి వేసి లెక్కపెడతాడు. ఒకటి. రెండు. మూడు. వెలుతురు. పెండ్రా రోడ్డు.

జీపు ఘాట్ ఎక్కుతోంది. అమరకంటక్ వెయ్యి మీటర్లకు పైన. మార్చి నెల, అయినా పొద్దున్నే చలి కొరుకుతోంది. తెల్లటి గుళ్ళ మధ్య ఒక కోనేరు. నర్మద పుట్టేది ఇందులోనే. ఇక్కణ్ణుంచి పడమటికి 1,312 కిలోమీటర్లు పారి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుందంటే నమ్మబుద్ధి కాదు. చేతులు ముంచు. చిన్న సీసాలో నీళ్ళు పట్టు. దారి పొడుగునా అది నీతోనే ఉండాలి.

నియమాలు వినిపిస్తున్నాడు పూజారి. నది ఎప్పుడూ కుడి చేతి వైపే ఉండాలి. ఎక్కడా దాటకూడదు. వానాకాలం నాలుగు నెలలు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలి. రెండు గట్లూ చుట్టి వస్తే 2,600 కిలోమీటర్ల పైమాటే. పాత పద్ధతిలో మూడేళ్ళ మూడు నెలల పదమూడు రోజులు. మీది అందులో ఒక ముక్క, దక్షిణ గట్టు. ఇలా ముక్కలుగా చేసేదాన్ని ఖండ పరిక్రమ అంటారు.

నియమాలు వింటుంటే నీకు తెలియకుండానే నిటారుగా నిలబడ్డావు. చాలా కాలానికి ఎవరో స్పష్టంగా ఆర్డరిచ్చారు.

కబీర్ చబూతరా దాటాక సాల అడవి. కరంజియా వైపు దిగుడు దారి. నడక తేలిగ్గానే ఉంది. చూపే తేలిగ్గా లేదు. కొత్తగా తవ్విన మట్టి. ఆగుతావు. గడ్డిలో తీగ ముక్క. ఆగుతావు. రోడ్డు కింద తూము. ఆగుతావు. చొక్కా తడిసిపోయింది.

"చూడొద్దని అన్ను," అంటాడు సాబ్. "చూడు. కానీ ఆగకు. ఏటి కనపడిందో నాకు రిపోర్టియ్యి."

ఊపిరి పీల్చుకుంటావు. "ఎడమ పక్క తూము సాబ్. లోపల ఏదో కదులుతోంది."

"ఏటది?"

"మేక సాబ్."

సాబ్ నవ్వాడు. ఒక్క క్షణం ఆలస్యంగా నువ్వూ నవ్వావు. అప్పట్నుంచి అదే నీ డ్యూటీ. పాము ఎక్కడుంది, బోరింగు ఎక్కడుంది, అడ్డదారి ఎటు చీలింది. ఇంట్లో అందర్నీ బెదరగొట్టిన చూపు ఇక్కడ ఇద్దరికి దారి చూపిస్తోంది.

సాయంత్రం అసలు కష్టం ఎదురొస్తుంది.

"నర్మదే హర్!" ఒక ఇంటి ముందు నిలబడి పిలుస్తోంది ఒకామె. చేటలో గోధుమపిండి, పప్పు, ఉప్పు, రెండు బంగాళాదుంపలు. సదావ్రత్. నది చుట్టూ నడిచేవాళ్ళకి ఒడ్డునున్న ఊళ్ళు ఇచ్చే పచ్చి సరుకు. నీ చెయ్యి ముందు పర్సు మీదికి పోతుంది. ఆమె మొహం వాడిపోతుంది. సాబ్ నీ వైపు చూస్తున్నాడు.

లంగర్లో ఏళ్ళ తరబడి పళ్ళెం పట్టావు. అది నీ హక్కు. ఇది హక్కు కాదు. అడుక్కోవడమా? ఏం చేస్తావు? పర్సు తీస్తావా, గిన్నె తీస్తావా?

గిన్నె తీశావు.

ఆమె నీ రెజిమెంటు అడగలేదు. ఎక్కడ పోస్టింగు, ఎంతమందిని చంపావు అని అడగలేదు. పెన్షన్ ఎంతొస్తుందనీ అడగలేదు. "కాళ్ళు బొబ్బలెక్కాయా బాబా?" అని అడిగి వేడినీళ్ళు తెచ్చింది.

ఆ రాత్రి ధర్మశాల వరండాలో కాళ్ళు చాపుకుని పడుకున్నాక నీకు అనుమానం వస్తుంది. నడిస్తే ఒంట్లోని ఈ భయం పోతుందా? ఎవరికైనా పోయిందా?

సాబ్‌కి ఒక కథ తెలుసు. అమెరికాలో ఎర్ల్ షాఫర్ అనే సైనికుడు. పసిఫిక్‌లో రెండో ప్రపంచ యుద్ధం చేశాడు. యుద్ధం అయ్యాక కలిసి కొండదారి నడుద్దామనుకున్న చిన్ననాటి స్నేహితుడు ఇవో జిమాలో చనిపోయాడు. 1948 ఏప్రిల్ 4న షాఫర్ ఒక్కడే బయల్దేరాడు, సైన్యాన్ని ఒంట్లోంచి దించుకోవాలని. జార్జియా నుంచి మెయిన్ దాకా, అపలాచియన్ బాట, 124 రోజులు. ఆ బాటని ఒకే ఊపులో చివరిదాకా నడిచిన మొదటి మనిషిగా అతని పేరే రాసుకున్నారు. అక్కడితో ఆపలేదు. 1998లో, ఎనభైకి దగ్గర పడుతూ, మళ్ళీ నడిచాడు.

"ఒక్కడేనా?"

షాన్ గోబిన్ కూడా. మెరైన్ అధికారి. ఇరాక్, అఫ్గానిస్తాన్ చూసొచ్చి, 2012లో యూనిఫాం విప్పగానే అదే బాట పట్టాడు. మరుసటి ఏడు నుంచి తనలాంటి వాళ్ళని దూరపు బాటల మీదికి పంపడం మొదలెట్టాడు. మన దేశంలోనూ 2020 డిసెంబరు 16న, విజయ్ దివస్ నాడు, మాజీ సైనికులు ప్రయాగ నుంచి గంగ పరిక్రమకి నడిచారు. అది నది శుభ్రత కోసం. అయినా దారి పొడుగునా పక్కన ఒక తోటి సిపాయి ఉండే ఉంటాడు.

"పోతాదని నానన్ను," అంటాడు సాబ్ దుప్పటి లాక్కుంటూ. "మోత తగ్గుద్ది. పడుకో."

చీకటితోనే బయల్దేరారు, ఎండ ముదరకముందే దూరం లాగాలని. గాలిలో తియ్యగా, పులిసినట్టు ఒక వాసన. ఇప్పపువ్వు. ఈ రోజుల్లో రాత్రంతా రాలుతుంది. చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసి ఉంచుతారు. తెల్లవారకముందే ఊళ్ళో ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి ఏరుకుంటారు.

ఆ పువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణం. కొండకి అవతల మర్వాహీ అడవుల్లో మనుషులూ ఎలుగుబంట్లూ ఎదురుపడేది ఎక్కువగా ఇలాంటి వేళే. ఇటువైపూ తిరుగుతాయి.

నువ్వు ముందు. సాబ్ ఇరవై అడుగులు వెనక.

చప్పుడు.

ముక్కుతో గట్టిగా పీల్చిన చప్పుడు. ఆగు.

చెట్టు కింద నల్లటి గుట్ట. కదిలింది. వీపు మీద ఇంకో చిన్న గుట్ట. పిల్ల.

తల్లి ఎలుగు. ముప్పై అడుగులు. అంతే.

దానికి చూపు తక్కువ. వాసనే దాని దారి. గాలి నీ మొహానికి తగులుతోంది. అంటే నీ వాసన దానికి అందలేదు. దగ్గర్లో హఠాత్తుగా మనిషి కనపడితే భయంతో మీద పడుతుంది. పంజా మొహానికే.

కుడి పక్క ఇంకేదో. బుట్ట. ఒక ముసలామె. వంగి పూలు ఏరుతోంది. అటు తిరిగి. చూడలేదు.

నీ చెయ్యి భుజం మీదికి పోయింది. రైఫిల్ లేదు.

పరుగెత్తాలా? నీకన్నా అదే వేగం. పడుకోవాలా? ఒళ్ళు అదే అంటోంది. నేల మీదికి. ఇప్పుడే.

మరి ఆమె?

నిలబడు. మాట్లాడు.

హిందీ రాలేదు. తెలుగే వచ్చింది. "అమ్మా. తల్లీ. మేం పోతున్నాం." గట్టిగా. నిదానంగా. "నీ పిల్ల నీ దగ్గరే ఉంది. మేం పోతున్నాం."

ముసలామె తలెత్తింది. బిగుసుకుపోయింది.

చెయ్యి చాపు. రా. మెల్లగా. ఒక అడుగు వెనక్కి. ఇంకొకటి.

ఎలుగు వెనక కాళ్ళ మీద లేచింది.

మాట ఆపకు.

"పోతున్నాం తల్లీ."

వెనక సాబ్ కర్ర. టక్. టక్. టక్.

దిగింది. బుస్సుమంది. ఒక్క దూకు ముందుకి.

కదలకు.

ఆగింది. తిరిగింది. పొదల్లో కొమ్మలు విరిగాయి.

పోయింది.

నీ కాళ్ళు వణుకుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. కూర్చో. సాబ్ పక్కనే కూర్చుంటాడు, ఏమీ అనడు. వణుకు తారస్థాయికి పోయి, కాసేపటికి దిగుతుంది. నువ్వే గమనిస్తావు: దిగింది. ఇంట్లో అది ఎక్కడమే తెలుసు. అక్కడ ఒంట్లో సైరన్ మోగేది, చెయ్యడానికి పని ఉండేది కాదు, అది నీలోనే తిరుగుతూ ఉండేది. 1980లో అమెరికా మానసిక వైద్యులు పీటీఎస్‌డీ అని పేరు పెట్టి తమ పుస్తకంలో చేర్చింది ఈ బాధనే. ఇక్కడ సైరన్‌కి కారణం దొరికింది, పని దొరికింది, పని అయిపోయింది. ఒళ్ళు ఆ మొత్తం వరస ఒకసారి చివరిదాకా చూసింది.

ముసలామె తేరుకుని తిట్టడం మొదలెట్టింది. "చీకట్లో నోరు మూసుకుని నడుస్తారా ఎవరైనా? అడవిలో మాట్లాడుకుంటూ నడవాలి బాబా. మాట వినపడితే అదే తప్పుకుంటుంది."

సరే. లేచి నడుస్తారు. మాట్లాడాలి కదా. ఏం మాట్లాడాలి?

కళ్ళు దారి మీదే ఉన్నాయి. పక్కన మనిషి ఉన్నాడు, మొహం చూడక్కర్లేదు. నోటికి మొదట వచ్చింది ఆ తూము. మేక ఉన్న తూము కాదు, ఆనాటిది. ముందు నడవమని నువ్వు చెప్పిన కుర్రాడు. వాడి ఎడమ బూటు లేసు ఊడి ఉండటం. కట్టుకోమని చెప్దామనుకోవడం. చెప్పేలోపు.

"నీ తప్పేం లేదు" అని సాబ్ అనలేదు. అది చాలామంది అన్నారు.

"పేరు సెప్పు," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్కసారి కూడా పలకని పేరు. పలికావు.

"గట్టిగా సెప్పు. అడివి ఇనాలి."

గట్టిగా చెప్పావు.

కొన్ని రోజుల తర్వాత, డిండోరీ బస్టాండు. ఫోన్లో సిగ్నల్ వచ్చింది. నీ కూతురు ముందు లాక్కుంది. ఎలుగు సంగతి చెప్పావు. "నాన్నా, ఎలుగుబంటికి తెలుగొచ్చా?" బస్టాండులో జనం తిరిగి చూసేంత గట్టిగా నవ్వావు. తర్వాత భార్య. ఆమెకి నిజం చెప్పు. నిన్న రాత్రి లారీ టైరు పేలితే మళ్ళీ నేల మీదికి పడ్డావని చెప్పు. తర్వాత నువ్వే లేచి, దుప్పటి దులుపుకుని, మళ్ళీ నిద్రపోయావని కూడా చెప్పు. రెండూ నిజమే. మాత్రలు వేసుకుంటున్నారా అని అడుగుతుంది. అవునను.

కండక్టరు పిలుస్తున్నాడు. రెండు సీట్లు ఖాళీ. ఎక్కితే రేపటికి ఇంట్లో ఉంటావు. ఇంతకు ముందు వచ్చినట్టే, ఒక్క రాత్రిలో.

సాబ్ బూటు లేసులు కట్టుకుంటున్నాడు. నిన్ను అడగడు. ఆర్డరూ ఇవ్వడు. ఈసారి నిర్ణయం నీదే. వానలకి ఇంకా టైముంది. మీరు చేరాలనుకున్న ఓంకారేశ్వర్ ఇంకా చాలా దూరం.

సంచి ఎత్తుకో. నది కుడి చేతి వైపు. ఏదో ఒకటి మాట్లాడుతూ నడువు.