నక్కవాగు

నక్కవాగు పెద్ద ఏరేం కాదు. పటాన్‌చెరు పక్క ఊళ్ల గుండా వంకలు తిరిగి మంజీరలో కలుస్తుంది, మంజీర పోయి గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలం వాగు ఎండినట్టే కనబడినా, ఇసుకలో మూరెడు లోతున చెలిమె తీస్తే కాసేపటికి తేట నీళ్లు ఊరేవి. చిన్న గిన్నెతో ఓపిగ్గా తోడి బిందె నింపుకునేవాళ్లు. వాగు వారన వరి పండేది.

1970ల్లో పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఫ్యాక్టరీలు జోరందుకున్నాయి. కొలువులొస్తాయన్నారు. కొన్ని వచ్చాయి కూడా, కాదనలేం. వాటి వెనకాలే మందుల కంపెనీల మురుగూ వచ్చింది. రాత్రిళ్లు, వాన పడేటప్పుడు చూసి వదులుతున్నారని ఊళ్లు మొత్తుకున్నాయి. వాగు రంగు మారింది, నురగ కట్టింది. చేపలు పోయాయి, బోర్లు చెడ్డాయి. ఏపుగా ఎదిగిన వరి కోతకొచ్చేసరికి తాలు తేలింది. చెలిమె తీసే చెయ్యి లేకుండా పోయింది.

పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరకొచ్చే జనం రోగాలకు మూలం ఆ నీళ్లలో ఉందని పట్టుకున్నారు. చీటీ రాసిచ్చి ఊరుకోలేదు, రోడ్డెక్కారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో కంపెనీల మురుగంతటికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం కట్టారు. అన్నీ కలిపేశాక ఏ విషం ఎవరిదని అడగడం? నాకైతే అక్కడే కథ దారి తప్పిందనిపిస్తుంది.

ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటినే స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు వెల్లడించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి నెత్తుట్లోనూ అంత ఉండదు. రోజుకు 44 కిలోల చొప్పున పోతోందని, అది 44 వేల మందికి వైద్యం చేసేంత మందని లెక్క తేలింది. ఎవరి జ్వరమూ తగ్గించని ఆ మందు వాగులోని సూక్ష్మజీవులకు మాత్రం తనను తట్టుకోవడం నేర్పింది.

చివరికి 18 కిలోమీటర్ల పైపు వేసి, ఆ నీటిని హైదరాబాద్ నగరపు మురుగుతో కలిపి అంబర్‌పేట దారి పట్టించారు. అక్కడ మళ్లీ శుద్ధి చేసి మూసీలోకి వదలడం. అంటే గోదావరికి పోయేదాన్ని కృష్ణ వైపు మళ్లించారన్నమాట. దిగువన యాదాద్రి, నల్గొండ రైతులు ఆ మూసీ నీళ్లు పారించుకునే వరి నాట్లు వేస్తున్నారు.